వంత పుట్టిన కథ

రాత్రి భోజనాలయ్యాక మొదలైన కథ కోడికూత దాకా నడవాలంటే ఒక్క మనిషి గొంతు చాలదు. మైకులు లేని రోజుల్లో ఊరి నడుమ కూర్చున్న జనంలో వెనక వరసకు కూడా ప్రతి మాటా వినపడాలి. కథ చెప్పేవాళ్ళు పాడాలి, వచనం చెప్పాలి, తంబుర మీటాలి, అడుగు వెయ్యాలి, రాజయి గర్జించాలి, మరుక్షణం రాణై ఏడవాలి. ఇంక ఊపిరి ఎప్పుడు పీల్చుకోవాలి? తర్వాతి చరణం ఎప్పుడు గుర్తు తెచ్చుకోవాలి? కథ కాసేపు ఆగిందంటే జనం చాపలు దులుపుకొని లేచిపోతారు. ఈ చిక్కుకు మన కథకులు కనిపెట్టిన ఉపాయమే వంత.

ఏ ఒక్కరి పేరు మీదా నిలిచిన ఆవిష్కరణ కాదిది. తరతరాల జంగం కుటుంబాలు ఊరూరా తిరుగుతూ, పాడుతూ సానబెట్టిన పద్ధతి. నడుమ కథ చెప్పే మనిషి, అటొకరు ఇటొకరు వంతలు. కథకుడు చరణం చివరికి వచ్చేసరికి ఇద్దరూ ఆ చివరి మాట అందుకుంటారు, ‘తందాన తాన’ అంటూ దాన్ని సాగదీస్తారు, గుమ్మెటల మీద దెబ్బ పెంచుతారు. ఆ మూడు నాలుగు తాళాల ఎడంలోనే కథకుడు గుండె నిండా గాలి పీల్చుకుంటాడు. వినేవాళ్ళకు కథ ఆగినట్టే అనిపించదు. పైగా అప్పుడే విన్న మాట మరోసారి చెవిన పడి మనసులో దిగుతుంది. ముగ్గురూ కలిసి ఒకే ఊపిరిని పంచుకొని వాడుకోవడం ఇది.

దగ్గరగా కూర్చుని చూస్తే దీని పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. కథకుడి భుజాన తంబుర, బొటనవేలికి అందె. అందె అంటే లోపల గుండ్లు పోసిన బోలు కడియం. వేళ్ళు కదిలినప్పుడల్లా అది గల్లుమంటుంది. వంతల చేతిలో గుమ్మెట. మట్టిదో ఇత్తడిదో చిన్న కుండ, ఒక మూతికి తోలు బిగించి ఉంటుంది, రెండో మూతి తెరిచే ఉంటుంది. ఒక చేతి వేళ్ళు తోలు మీద ఆడుతుంటే రెండో అరచెయ్యి తెరిచిన మూతిని మూస్తూ తీస్తూ ఉంటుంది. మూస్తే శబ్దం లోపలికి గుంజుకుంటుంది, తీస్తే బయటికి గుమ్మంటుంది. చలిరాత్రుల్లో మంచుకు తోలు వదులైపోతే మంట దగ్గర కాచి మళ్ళీ బిగువుకు తెస్తారు. కథకుడు ముందుకు నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చే ఆ తీరంతా వంతల దెబ్బను బట్టే. యుద్ధం వచ్చిందంటే దెబ్బ ముందు పరుగెడుతుంది, కథ దాని వెంట పడుతుంది. కథను నడిపేది నడుమ మనిషే అని చూసేవాళ్ళు అనుకుంటారు గానీ, నడక వేగం పక్క ఇద్దరి చేతుల్లో ఉంటుంది.

మా నందవరం వైపు ఈ జంగం కథ, అంటే బుర్రకథ, వినని పాతకాలపు మనిషి ఉండడు. (బనగానపల్లె దగ్గరి చౌడేశ్వరి నందవరం వేరు, నేను చెప్పేది ఎమ్మిగనూరు పక్కన, నాగలదిన్నె దగ్గర తుంగభద్రను ఆనుకొని ఉన్న మండలం.) ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతర, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి కదిలే జనం, మంత్రాలయం ఆరాధన, కళ్ళాల్లో జొన్నలు రాలిన దినాలు, ఇవీ కథకులకు పంటకాలాలు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల బుడగ జంగాల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటారు, బళ్ళారి వైపు పోతే కన్నడంలో కథ చెప్తారు. పాత జంగం కథలో మగమనిషి కథ చెప్తే ఇంటి ఆడవాళ్ళు గుమ్మెటలు పట్టి వంత పాడటం రివాజు. అంటే ఈ కళలో తాళమూ, మారుపలుకూ, జ్ఞాపకంలో సగభాగమూ మొదటినుంచీ ఆడవాళ్ళ దగ్గరే ఉన్నాయి. కథకుడు తడబడితే మాట అందించేది వాళ్ళే.

ఈ పాత పద్ధతి 1940ల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంకో మలుపు తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. జనంలోకి రాజకీయాన్ని తీసుకుపోవడానికి కమ్యూనిస్టు యువకులు సాధనం వెతుక్కుంటున్నారు. పత్రిక చదవలేని పల్లెకు జంగం కథ అయితే సూటిగా చేరుతుందని వాళ్ళకు తట్టింది. 1942లో కాకుమాను సుబ్బారావు, జర్మన్ సైన్యం ఉరితీసిన సోవియట్ యువతి టాన్యా మీద కథ కట్టారు. శివుడి కథలు, రాజుల కథలు చెప్పిన తంబుర మీద మాస్కో దగ్గరి పల్లెలో చనిపోయిన అమ్మాయి కథ పలికింది. మరుసటి ఏడు ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక దళాలు పెరిగాయి. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’, ‘అల్లూరి సీతారామరాజు’ కథలు రాశారు. మోటూరి ఉదయం వంటి మహిళలు దళం కట్టి వేదిక ఎక్కారు. రైతు కుటుంబాల ఆడవాళ్ళు గజ్జె కట్టి, భుజాన తంబుర వేసుకొని పదిమందిలో పాడటం ఆ రోజుల్లో ఎంత సాహసమో ఇప్పుడు ఊహించుకోవడం కూడా కష్టం. ప్రభుత్వాలు ఈ కథలను నిషేధించేదాకా వచ్చాయంటే వాటి దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తుంది.

ఈ దశలో వంత పని కూడా మారింది. ఇద్దరూ ఒకే పని చెయ్యడం పోయి, ఒకరు రాజకీయ వంత, ఒకరు హాస్య వంత అన్న ఏర్పాటు స్థిరపడింది. అల్లూరి కథలో పోలీసు స్టేషను మీద దాడి ఘట్టం వచ్చిందనుకోండి. రాజకీయ వంత మధ్యలో అందుకొని ఇప్పటి తాసీల్దారు గురించో, ధాన్యం లెవీ గురించో ప్రశ్న వేస్తాడు. హాస్య వంత దానికి నవ్వు జోడిస్తాడు. కథ ఇరవై ఏళ్ళ కిందటిదైనా జనానికి నిన్నటి సంగతి అయిపోతుంది. ఊపిరి కోసం పుట్టిన ఎడం ఆలోచనకు చోటయింది. ఈ కళ చరిత్రలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించే ఘట్టం ఇదే.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ ఈ రూపాన్ని శిఖరానికి చేర్చాడు. సంగీతం నేర్చిన గొంతు, నాటకాల్లో నలిగిన అభినయం, కథ కట్టే చెయ్యి, మూడూ ఆయనకు ఉన్నాయి. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఆయన నోట తెలుగునాడంతా తిరిగాయి. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’ సినిమాలో ఆయన దళం చెప్పిన అల్లూరి కథ, బుర్రకథ ఎన్నడూ చూడని పట్నం జనానికి కూడా దాన్ని పరిచయం చేసింది. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశాడు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. బుర్రకథ పితామహుడు అని జనం పెట్టుకున్న పేరు ఆయనకు అక్షరాలా తగినదే. కానీ నాజర్ పేరు ఠక్కున చెప్పేవాళ్ళలో ఆయన పక్కన నిలబడిన ఇద్దరి పేర్లు చెప్పగలిగినవాళ్ళు ఎందరు?

పక్క గొంతులే నిలబెట్టిన పాట ఇంకోచోటా ఉంది. ‘అగ్గిరాముడు’ వచ్చిన 1954లోనే అమెరికాలో, న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ పేటకు చెందిన ‘ది కార్డ్స్’ అనే నల్లజాతి కుర్రాళ్ళ బృందం ‘ష్-బూమ్’ అనే పాట పాడి పెద్ద పేరు తెచ్చుకుంది. డూ-వాప్ అని తర్వాత పేరుపడిన పద్ధతి అది. వాయిద్యాలు కొనే డబ్బుల్లేని పిల్లలు వీధి మలుపుల్లో, మెట్ల కింద, రైలు స్టేషన్లలో, ఎక్కడ గోడలు గొంతును తిరిగి పలికిస్తాయో అక్కడ చేరి పాడేవాళ్ళు. నడుమ గొంతు పాట మాటలు పాడుతుంటే మిగతా గొంతులు అర్థంలేని పలుకులతో తాళమూ, శ్రుతీ, మెరుగూ కలిపి అల్లేవి. అన్నిటికంటే కింద ఒక మంద్రపు గొంతు నేలలాగా ఉండేది. వాళ్ళకూ మనకూ ఇచ్చిపుచ్చుకోవడం ఏమీ లేదు. చేతిలో లేనిదాన్ని పక్క మనిషి గొంతులో వెతుక్కోవడం ఒక్కటే రెండింటికీ పునాది. తేడా కూడా గట్టిదే. వాళ్ళ పాట మూడు నిమిషాల్లో ముగియాలి, గ్రామఫోను రికార్డు కొలత అది. మన కథ తెల్లవారే దాకా సాగాలి.

మా ప్రాంతానికి బాగా దగ్గరగా, పూర్తిగా ఆడవాళ్ళతో నడిచిన బృందం ఒకటి ఉంది. దాని కథ తెలుగు పత్రికల్లో రావలసినంతగా రాలేదు. దరోజి ఈరమ్మది ఆ బృందం. జనం ఆమెను బుర్రకథ ఈరమ్మ అనే పిలిచారు. బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలో ఉంది దరోజి. ఈరమ్మ 1930లో బుడగ జంగం కుటుంబంలో పుట్టింది. తండ్రి లాలప్ప దగ్గర పన్నెండేళ్ళ వయసు నుంచి కథలు నేర్చుకుంది. బడి మొహం ఎరగదు. ఇంటి భాష తెలుగు. కథ చెప్పేది ఎక్కువగా కన్నడంలో, అవసరమైతే తెలుగులో.

ఆమెతో గొంతు కలిపిన వంతలు ఇద్దరూ దగ్గరి బంధువులే, శివమ్మ, పార్వతమ్మ. పాత రివాజులో మగమనిషి నిలబడే చోట ఇక్కడ ఈరమ్మ నిలబడింది. వంత స్థానం నుంచి నడుమకు వచ్చిన ఆడమనిషి చేతిలో కథ తీరే వేరుగా ఉంటుంది. బాలనాగమ్మను మాయల ఫకీరు ఎత్తుకుపోయిన ఘట్టంలో ఏడుపు తెలిసిన గొంతే ఏడుస్తుంది. ఈ కథల్లో వంతలు వేసే ప్రశ్నలు కూడా ఇంట్లో ఆడవాళ్ళు అడిగే తీరులోనే ఉంటాయి. మా వైపు మాటల్లో చెప్పాలంటే ఇట్లుంటుంది ఆ వరస: “అది సరేగానీ అక్కా, అన్ని దినాలు కోటలో పెట్టి మూసిరి గదా, ఆ తల్లి ఏం తినె?” “ఏం తింటుంది చెల్లీ, కడుపున పుట్టినోడు యాదికొస్తే ముద్ద దిగుతుందా?” ఈ రెండు మాటలకు ముందు వరసలో కూర్చున్న ముసలవ్వలు కొంగు కళ్ళకద్దుకుంటారు. ఆ పైన గుమ్మెటలు మళ్ళీ లేస్తాయి.

ఈరమ్మకు వచ్చిన కథల్లో కుమారరాముడిది ప్రత్యేకం. కంపిలి రాజు కొడుకు, ఢిల్లీ సుల్తాను సైన్యాలతో పోరాడి చనిపోయిన వీరుడు. కంపిలి తుంగభద్ర ఒడ్డున ఉంది. ఆ రాజ్యం 1327 ప్రాంతంలో కూలిపోయింది, విజయనగరం ఇంకా పుట్టలేదు. ఆరున్నర శతాబ్దాలు దాటినా ఆ కథ నది పొడుగునా గొంతుల్లో బతికే ఉందంటే, ఒక్కొక్క తరంలో ముగ్గురేసి మనుషులు దాన్ని పట్టుకొని ఉన్నారు కాబట్టి. బబ్బులి నాగిరెడ్డి, జైసింగరాజు కథలు కూడా ఆమెకు నోటికి వచ్చు. పన్నెండు కావ్యాలు, రెండు లక్షల వాక్యాలు, అచ్చు వేస్తే ఏడు వేల పేజీలు అని లెక్కగట్టి చెప్తారు. హంపీ కన్నడ విశ్వవిద్యాలయం ఆమె కథలను రికార్డు చేసి భద్రపరిచింది. 1999లో కర్ణాటక రాజ్యోత్సవ పురస్కారం, 2003లో అదే విశ్వవిద్యాలయం ఇచ్చే నాడోజ గౌరవం ఆమెకు దక్కాయి. బడి మొహం చూడని మనిషికి విశ్వవిద్యాలయం ఇచ్చిన అత్యున్నత గౌరవమది. 2014 ఆగస్టు 12న ఆమె కన్నుమూసింది.

ఏడు వేల పేజీలు ఒక్క తలలో ఎట్లా నిలుస్తాయని అందరూ ఆశ్చర్యపోతారు. నిజానికి అవి ఒక్క తలలో ఉన్నవి కావు. పాడేటప్పుడు వంత అందించే చివరి మాటే తర్వాతి చరణానికి తాళంచెవి. అదే రాగం, అదే దెబ్బ, అదే పలుకు పక్కనుంచి వినపడగానే ముందు ఏముందో దానంతట అదే నోటికి వస్తుంది. కథకురాలిని ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పమంటే ధార తెగుతుంది, వంతలు పక్కన ఉంటే తెగదు. ఈ కళ తెలిసిన ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట చెప్తారు. అందుకే ఈరమ్మ జ్ఞాపకశక్తిని మెచ్చుకునే ప్రతి మాటలో శివమ్మకూ పార్వతమ్మకూ వాటా ఉంది.

వంతల పేర్లు మరుగున పడటం అమెరికాలో కోర్టు దాకా పోయింది. 1956లో ఫ్రాంకీ లైమన్ అనే పదమూడేళ్ళ పిల్లవాడు ముందు నిలబడి ‘ది టీనేజర్స్’ బృందంతో పాడిన ‘వై డూ ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్’ ఊపేసింది. పాట కట్టినవాళ్ళుగా లైమన్ పేరూ, రికార్డు కంపెనీ వాళ్ళ పేరూ నమోదయ్యాయి. బృందంలోని హెర్మన్ శాంటియాగో, జిమ్మీ మర్చంట్ ఆ పాటను తాము కట్టామని పోరాడారు. 1992లో కోర్టు వాళ్ళ మాట నిజమంది. 1996లో పై కోర్టు, దావా వెయ్యాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయిందంటూ ఆ తీర్పును కొట్టేసింది. అప్పటికి లైమన్ చనిపోయి ఇరవై ఎనిమిదేళ్ళు. 1968లో, ఇరవై అయిదేళ్ళ వయసుకే అతని కథ ముగిసింది. ముందు నిలబడ్డ పిల్లవాడికీ న్యాయం జరగలేదు, వెనక నిలబడ్డ వాళ్ళకూ జరగలేదు.

మన దగ్గర వంతల గొడవ ఇంకో రకం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురంలో చేరాయి, మిగతాది మైసూరుకు పోయింది. అప్పటిదాకా ఒకే జిల్లా. ఆ దినాన ఈరమ్మకు ఇరవై మూడేళ్ళు. బుడగ జంగాల బంధుత్వాలు, పెండ్లిళ్ళు గీతకు రెండు వైపులా ఉన్నాయి. కర్ణాటకలో వాళ్ళు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. మన వైపు కూడా ఒకప్పుడు ఉండేవాళ్ళు. 2002 నాటి సవరణ చట్టం వచ్చాక ఆ గుర్తింపు తెలంగాణ జిల్లాలకే పరిమితమైంది. దాంతో ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకు కుల ధ్రువపత్రమే కరువైంది. దీన్ని పరిశీలించడానికి 2019లో రాష్ట్ర ప్రభుత్వం జె.సి. శర్మతో ఏకసభ్య కమిషన్ వేసింది. పత్రం లేక బడిలో, హాస్టల్లో, ఉద్యోగంలో వెనకబడ్డ పిల్లవాడు గుమ్మెట నేర్చుకుంటాడా? తలవెంట్రుకలు కొని స్టీలు గిన్నెలు అమ్మే తిరుగుడు బేరానికి పోతాడు, కరువు ఏడు గుంటూరు వైపు మిరపకోతకు వలస పోతాడు. ముగ్గురుండాల్సిన చోట ఇద్దరు వలసపోతే మూడో మనిషి దగ్గర ఎన్ని కావ్యాలుండీ ఏం లాభం? కళ ఎందుకు తగ్గిపోతోందని సభల్లో అడుగుతుంటారు. దానికి టీవీని, సినిమాను తప్పుపట్టడం తేలిక. నా మట్టుకు నాకు కనిపిస్తున్న మొదటి కారణం ఇదే: దళం కట్టడానికి ముగ్గురు ఒక్కచోట నిలవగలిగే బతుకు లేదు.

ఉన్నవాళ్ళను రికార్డు చెయ్యాలనే తపనతో ఇప్పుడు కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకొని పల్లెలకు వస్తున్నారు, సంతోషం. వాళ్ళకు పనికొచ్చే సంగతి ఒకటుంది. డూ-వాప్ బృందాలు స్టూడియోలో ఒకే మైకు చుట్టూ నిలబడి, ఎవరి గొంతు పైకి రావాలంటే వాళ్ళు దగ్గరికి జరిగి పాడేవాళ్ళు. ఆ పద్ధతి బుర్రకథకు సరిపోదు. ఇక్కడ నడుమ మనిషి ముందుకూ వెనక్కూ నడుస్తుంటారు, వంతలు ఉన్నచోటనే ఉంటారు. ఫోను కథకుడి ఎదురుగా పెడితే గుమ్మెట దెబ్బ దూరంగా, వంత మాట గాలిలో కలిసినట్టు వస్తుంది. మూడు ఫోన్లు ఉంటే ఒక్కొక్కటి ఒక్కొక్కరి దగ్గర పెట్టండి. ఒకటే ఉంటే వంతల్లో ఒకరి పక్కన, గుమ్మెట తెరిచిన మూతికి మరీ ఎదురుగా కాకుండా పెట్టండి. కథకుడి గొంతు పెద్దది, ఎటూ వినపడుతుంది. మొదలుపెట్టే ముందు ముగ్గురినీ తమ పేరు, ఊరు, కథ ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నవి వాళ్ళ నోటితోనే చెప్పించండి; ఎడమ పక్క వంతతో మొదలుపెట్టి.